గోడకు ఊతం

ఆ ఏడాది బొమ్మల పండగకి మా గోడ కావాలని అడిగారు.

మాది అట్లాంటిక్ ఒడ్డున కోటగోడ లోపల ఇరుకు సందులున్న ఊరు. ఏటా జూన్‌లో ఆ సందుల గోడలన్నిటికీ సున్నం కొడతారు. జులైలో ఎక్కడెక్కడి దేశాల నుంచో చిత్రకారులు వచ్చి తలో గోడా పంచుకుంటారు. వేసిన బొమ్మ ఏడాది పొడుగునా ఉప్పుగాలికి పెచ్చులూడుతూ ఉంటుంది. మళ్ళీ జూన్, మళ్ళీ సున్నం. నేను ఆ ఇంటికి కోడలినై వచ్చింది మొదలు ఎదురింటి మీద ఎన్ని చేపలు చూశానో, ఎన్ని నెమళ్ళు చూశానో. మా గోడ జోలికి మాత్రం ఎవరూ రాలేదు. దానికి ఆనించి ఉన్న రెండు దూలాలే అందుకు కారణం.

మా వీధిగోడ రాయీ సున్నమూ కలిపి కట్టిన పాతకాలపుది. నడిమి భాగం నెలలు నిండిన మనిషి పొట్టలా ముందుకు ఉబికి ఉండేది. ఒక వానాకాలం అది మరికాస్త ఉబికేసరికి మా ఆయన జవాద్, మామయ్య ముఫద్దల్ కలిసి రేవులో విప్పేసిన ఓ పాత పడవ దూలాలు మోసుకొచ్చి వీధిలోంచి ఏటవాలుగా దన్ను పెట్టారు. పిల్లలు వాటి కింద దూరి ఆడుకునేవాళ్ళు. అత్తయ్య వాటి మీద దుప్పట్లు ఆరేసేది.

"అవి తీసేస్తే ఈ సందు మొహమే మారిపోద్ది," అన్నాడు బెన్నాసర్. పండగ సంఘం తరఫున గోడలు ఎంపిక చేసే మనిషి ఆయన. మా ఇంటి నడివాకిట్లో కూర్చుని అత్తయ్య పోసిన పుదీనా టీ తాగుతున్నాడు. "సముద్రం వైపు కోటగుమ్మంలోంచి వచ్చేవాళ్ళకి మొట్టమొదట కనపడేది మీ గోడే. పండగ చూడ్డానికి మంత్రిగారు కూడా ఆ దారినే వస్తారు."

"దూలాలు తీస్తే గోడని ఎవరు పట్టుకుంటారు, నువ్వా?" అంది అత్తయ్య రహీమో.

"నేను చెయ్యేస్తే ఇంకా ముందు పడుద్ది పిన్నీ. పండగైన మర్నాడే మా వాళ్ళ చేత మళ్ళీ పెట్టిస్తాగా."

"మీవాళ్ళు పోయినేడు సందులో దీపం పెడతామన్నారు. మేమింకా గోడలు తడుముకునే నడుస్తున్నాం."

బెన్నాసర్ నవ్వాడు. మామయ్య నవ్వలేదు. "కుదరదు," అన్నాడు. ఏళ్ళ తరబడి సముద్రం మీద బతికిన మనిషి, మాటలు పొదుపు. బెన్నాసర్ ఖాళీ గ్లాసు కింద పెట్టి, ఆలోచించుకోమని చెప్పి వెళ్ళాడు.

ఆయన అంత తేలిగ్గా వదిలే రకం కాదు. జులైలో మా గోడని ఒకామెకి రాసేశాడు.

ఆమె పేరు ఇజ్లాల్. సూడాన్ మనిషి. అక్కడ యుద్ధం మొదలయ్యాక కైరోకి వెళ్ళి ఉంటోందట. పొడుగ్గా, సన్నగా, భుజానికో పెద్ద గుడ్డసంచితో వచ్చి మా గుమ్మం ముందు నిలబడి గోడని కాసేపు చూసింది. బెన్నాసర్ దూలాల గురించి ఏదో సర్దిచెప్పబోతే, "ఉండనివ్వండి, వాటిని కలుపుకునే వేస్తా," అంది. ఆ ఒక్క మాటతో అత్తయ్యకి ఆమె కూతురైపోయింది. మధ్యాహ్నం మా పళ్ళెం దగ్గరే ఆమె భోజనం.

"ఎముకలకి తోలు తొడిగినట్టున్నావు. ఆ రంగులేమైనా తాగుతున్నావా ఏంటి?" అనేది అత్తయ్య, రొట్టె తుంచి ఆమె ముందు పెడుతూ.

"మా దగ్గర ఇంత నూనె వెయ్యరమ్మా."

"అందుకే అలా ఉన్నావు."

ఇజ్లాల్ బొగ్గుముక్కతో గోడ మీద ఒక తలుపు గీసింది. రెండు రెక్కల తలుపు, పైన అర్ధచంద్రం ఆకారంలో ఇనప ఊచలు. గీసి, వెనక్కి నడిచి చూసి, తడిగుడ్డతో తుడిచేసింది. కాస్త పక్కకి జరిపి మళ్ళీ గీసింది. మళ్ళీ తుడిచింది. ఎటు జరిపినా ఏదో ఒక దూలం తలుపుకి అడ్డంగా వస్తోంది, మేకులు కొట్టి మూసేసిన తలుపులా కనపడుతోంది. ఆఖరికి మా మెట్టు మీద కూర్చుండిపోయింది. మామయ్య ఆ పక్కనే వల బాగుచేస్తున్నాడు. పడవ అమ్మేసి చాలా కాలమైనా ఊళ్ళోవాళ్ళ వలలు తెచ్చుకుని కుట్టేవాడు. నేను గుమ్మం లోపల కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నాను.

"ఎవరిదా తలుపు?" అన్నాడు మామయ్య.

"మా అమ్మ ఇంటిది. ఉమ్‌దుర్మాన్‌లో. ఆకుపచ్చ రంగు."

"ఇప్పుడెవరున్నారు అక్కడ?"

"ఇల్లు లేదు బాబాయ్. ఫిరంగి గుండు పడింది."

మామయ్య సూది ఆపాడు. "మరి అమ్మ?"

"ఇంట్లోనే ఉంది," అందామె.

 కొంతసేపటికి మామయ్య వల పక్కన పెట్టి లోపలికొచ్చి సుత్తి కోసం వెతికాడు. దేనికో నాకు అర్థమైంది.

"మీ అబ్బాయి వచ్చేదాకా ఆగుదాం మామయ్యా," అన్నాను. జవాద్ లరాష్ రేవు నుంచి వెళ్ళే చేపల ఓడ మీద పని చేసేవాడు. వెళ్తే వారం పది రోజులకి గాని ఇంటికి వచ్చేవాడు కాదు.

"ఇంటికొచ్చిన మనిషి వింటుంది," అన్నాడు మామయ్య గొంతు తగ్గించి. "గట్టిగా మాట్లాడకు."

ఆయన దూలాల మొదట్లో దిగగొట్టిన చీలలు ఒక్కొక్కటీ ఊడబీకుతుంటే ఇజ్లాల్ లేచి నిలబడింది. "వద్దు బాబాయ్. నేను ఇంకేదైనా వేసుకుంటా. గోడకి ఏమన్నా అయితే?"

"ఏమవుద్ది? మా తాత పుట్టకముందు నుంచీ నిలబడే ఉంది. నువ్వొచ్చావని ఇప్పుడు పడుద్దా?"

"నిజంగా ఏం కాదుగా?"

"ఏం కాదు తల్లీ."

దూలాలు దింపాక గోడ అలాగే ఉంది. ఇసుకైనా రాలలేదు. బెన్నాసర్ మనుషులు బండి తెచ్చి వాటిని పురపాలక సంఘం షెడ్డుకి తీసుకుపోయారు, సందులో అడ్డమని.

తలుపు పూర్తయ్యాక ఊరంతా దాని గురించే చెప్పుకుంది. ఎంత నిజంగా ఉందంటే, దారినపోయే పిల్లలు దాన్ని తట్టి పారిపోయేవాళ్ళు. ఒక ముసలాయన పొరపాటున గొళ్ళెం కోసం చెయ్యి చాచాడు. "ఆ తలుపు తీస్తే నేరుగా మా వంటింట్లోకొస్తారు, కాళ్ళు కడుక్కుని రండి," అనేది అత్తయ్య చూడ్డానికి వచ్చినవాళ్ళతో. టాంజియర్ నుంచి జనం రైలెక్కి వచ్చి దాని ముందు నిలబడి ఫోటోలు తీయించుకున్నారు. మంత్రి వచ్చిన రోజు అత్తయ్య పెళ్ళిళ్ళకి వేసుకునే పొడుగు అంగీ, కఫ్తాను, తొడుక్కుని గుమ్మంలో నిలబడింది. ఆయన ఆమె చేయి అందుకుని ఏదో మంచిమాట చెప్పాడు. ఆ మాట ఏమిటో ఆ గోలలో ఆమెకి వినపడలేదు. సాయంత్రం మమ్మల్నందరినీ అడిగింది, ఎవరికీ వినపడలేదు.

జవాద్ ఇంటికొచ్చింది ఆ మర్నాడు. చేపల సంచి భుజం మీదే పెట్టుకుని గోడ ముందు నిలబడ్డాడు. తలుపుని చూడలేదు. దూలాల మొదళ్ళు ఉన్నచోట నేల మీద మిగిలిన గుంటలు చూశాడు.

"ఎవరు తీశారు?"

"నేనే," అన్నాడు మామయ్య. "పండగవగానే పెడతామన్నారు."

"వాళ్ళు పెడతారు, నువ్వు నమ్మావు."

"అతిథి ఉంది ఇంట్లో. తర్వాత మాట్లాడుకుందాం."

ఇజ్లాల్ వెళ్ళిపోయే రోజు అత్తయ్య ఆమె సంచీలో ఉప్పులో ఊరేసిన నిమ్మకాయల సీసా, అంజూరపు పళ్ళు కుక్కింది. ఇద్దరూ మెడలు పట్టుకుని ఏడ్చారు. జవాద్ కూడా ఆమె పెట్టె మోసుకుని స్టేషన్ దాకా వెళ్ళాడు. ఆమె మీద అతనికి కోపం లేదు.

పండగైపోయింది. దూలాలు రాలేదు. ఆగస్టంతా మామయ్య పురపాలక సంఘం ఆఫీసు చుట్టూ తిరిగాడు. మొదట, పెద్దసారు సెలవులో ఉన్నాడన్నారు. తర్వాత, మీ దూలాలు పాటకచేరీ వేదిక కింద వాడాం, ఆ సామానంతా కాంట్రాక్టరు తీసుకుపోయాడన్నారు. జవాద్ ఈసారి రేవు నుంచి వేరే దూలం ఒకటి మోసుకొచ్చాడు. తండ్రీకొడుకులు దాన్ని నిలబెడుతుండగానే బెన్నాసర్ పరుగున వచ్చాడు.

"ఏం చేస్తున్నావు జవాద్? బొమ్మ మీద పెడతావా?"

"బొమ్మ మీద కాకపోతే గాలి మీద పెట్టనా?"

"గోడలు ఏడాది దాకా ముట్టుకోకూడదని సంఘం నియమం. ఫోటోలు పుస్తకంలోకి పోతున్నాయి. ఇంజనీరుని పిలిపిస్తున్నాం, ఆయనొచ్చి చూస్తాడు. బొమ్మకి దెబ్బ తగలకుండా లోపల నుంచి ఇనప చట్రం పెట్టే ఏర్పాటుంది."

"ఎప్పుడొస్తాడు?"

"రేపో ఎల్లుండో."

"నీ ఇల్లైతే రేపు ఎల్లుండి అంటావా?"

జనం పోగయ్యారు. ఒక పోలీసు కూడా వచ్చి నిలబడ్డాడు. జవాద్ మళ్ళీ ఓడెక్కాల్సిన రోజది. మామయ్య కొడుకు చెయ్యి పట్టుకుని దూలం వదిలించాడు. ఆ దూలం చాలా రోజులు మా గుమ్మం పక్కన నేల మీదే పడి ఉంది. ఇంజనీరు రాలేదు.

వేరే ఇల్లు చూద్దామని నేను రెండు మూడుసార్లు కదిపాను. పండగ పేరు పెరిగే కొద్దీ కోట లోపలి ఇళ్ళు ఫ్రాన్స్ వాళ్ళు, స్పెయిన్ వాళ్ళు కొనుక్కుంటున్నారు. కోట బయటి అద్దెలు కూడా మా తాహతుకి మించిపోయాయి. చలికాలం గడిచాక చూద్దాంలే అనుకున్నాం.

సెప్టెంబరులో ఒక సాయంత్రం మామయ్య తన చాప, పరుపు చుట్టుకుని వీధిగదిలోకి వచ్చాడు. ఆ గదిలో నేనూ నా కూతురు హిబా పడుకునేవాళ్ళం.

"మీరిద్దరూ లోపల మీ అత్త దగ్గర పడుకోండి. నాకిక్కడ గాలి బాగుంటుంది," అన్నాడు.

వీధిగదికి ఉన్నది ఒకటే చిన్న కిటికీ, అదీ ఎప్పుడూ బిగుసుకుపోయి ఉండేది. నేను ఆయన మొహంలోకి చూశాను. ఆయన వంగి చాప పరుచుకుంటున్నాడు. నేను మా దుప్పట్లు తీసుకుని లోపలికి వెళ్ళాను. ఆ రోజు నుంచి పగలు కూడా మనవరాల్ని ఆ గదిలోకి అడుగు పెట్టనిచ్చేవాడు కాదు. వెళ్తే కసురుకునేవాడు, అంతకుముందు దాన్ని పల్లెత్తు మాట అని ఎరగడు.

"ముసలాడికి నా గురక పడడం లేదు," అని అత్తయ్య వీధంతా చెప్పుకుని నవ్వించేది. "ఇన్నేళ్ళకి గుర్తొచ్చింది."

అక్టోబరులో మొదటి వాన పట్టింది. రెండు రోజులు వదలకుండా కురిసింది. మూడోనాడు శుక్రవారం. మామయ్య పొద్దున్నే తలమీద గోనె కప్పుకుని మళ్ళీ ఆఫీసుకి వెళ్ళాడు. జవాద్ సముద్రం మీద ఉన్నాడు. హిబా బడికి పోయింది. నేను వంటింట్లో కుస్కుస్ రవ్వ ఆవిరి మీద పెట్టి, ఉండలు కట్టకుండా చేత్తో పొడిపొడిగా విడదీస్తున్నాను.

"వీధిగదిలో కారుతోంది," అంది అత్తయ్య. "ముసలాడి పరుపు తడిసిపోద్ది. తెచ్చి ఇలా పడేస్తా."

"ఉండండి అత్తయ్యా, నేను తెస్తా. చేతులు కడుక్కుని వస్తున్నా."

"నువ్వు పొయ్యి చూడు," అంటూ వెళ్ళింది.

పెద్ద చప్పుడేమీ కాలేదు. పిండి బస్తాలు ఒక్కసారిగా కుమ్మరించినట్టు వినపడింది. వంటింటి గుమ్మంలోంచి తెల్లటి దుమ్ము నెమ్మదిగా లోపలికొచ్చి కుస్కుస్ మీద పడింది. నేను బయటికి వచ్చేసరికి, వీధిగది ఉండాల్సిన చోట వాన కురుస్తోంది. దానికవతల సందు, సందులో ఎదురింటావిడ నిలబడి ఉంది. నన్ను చూసి ఆవిడ నోటికి తలగుడ్డ చెంగు అడ్డం పెట్టుకుంది.

సందులోవాళ్ళందరూ చేతులతోనే రాళ్ళు తీశారు. బెన్నాసర్ కూడా వచ్చి తీశాడు, చేతివేళ్ళు చిట్లి నెత్తురోడుతున్నా ఆగలేదు. మామయ్య వచ్చేసరికి అత్తయ్యని బయటికి తీసి గొంగళి కప్పారు. పరుపు చుట్ట ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది. మామయ్య పక్కన కూర్చుని ఆమె జుట్టులోని సున్నం గోటితో తీస్తూ ఉండిపోయాడు. ఎవరు లేవదీసినా లేవలేదు. జవాద్‌కి ఓడ మీదికి వైర్‌లెస్‌లో చెప్పారు. అతను ఒడ్డుకి చేరేసరికి ఆమెని మట్టిచేయడం అయిపోయింది.

తర్వాత విచారణ జరిగింది. కోట బయట మాకు దొరికిన రెండు గదుల కొంపలోకి ముగ్గురు అధికారులు వచ్చారు. జవాద్ అంతా చెప్పాడు: దూలాలు, వేదిక, బొమ్మ ముట్టుకోవద్దన్న మాట, రాని ఇంజనీరు. వాళ్ళు ఓపిగ్గా విన్నారు. పెద్దాయన మామయ్య వైపు తిరిగాడు.

"మొదట దూలాలు తీసిందెవరు హాజీ?"

"నేను."

"ఎవరైనా బలవంతం చేశారా?"

"లేదు."

"నాన్నా," అన్నాడు జవాద్. "తీయించింది వాళ్ళని చెప్పు."

"నా చేత్తో తీశాను," అన్నాడు మామయ్య.

"మళ్ళీ పెట్టబోతే ఆపిందెవరని కూడా అడగండి," అన్నాను నేను. అధికారి నా వైపు తిరిగి, బాధలో ఉన్న కుటుంబమని మాకు తెలుసమ్మా అని టోపీ సర్దుకున్నాడు. వానల వల్ల, కట్టడం పాతది కావడం వల్ల కూలిందని తేల్చారు. కేసు అంతటితో సరి.

ఆ రోజు నుంచి జవాద్ తండ్రితో మాట్లాడలేదు. ఓడ మీద నుంచి వచ్చినప్పుడు అందరం ఒకే పళ్ళెం చుట్టూ కూర్చునేవాళ్ళం. అతను తన వైపున్నది తినేవాడు. తండ్రికి ఏమైనా చెప్పాలంటే నాతో చెప్పేవాడు, మామయ్య ఎదురుగా ఉన్నా సరే. "ఆయన మందులు అయిపోయాయేమో కనుక్కో," అనేవాడు. మామయ్య అయిపోలేదని నాకు చెప్పేవాడు. ఆ చలికాలమంతా ఆ ఇంట్లో అందరి మాటలూ నా మీదుగానే నడిచాయి.

ఫిబ్రవరిలో ఇజ్లాల్ వచ్చింది. ఎవరు చెప్పారో, ఎలా తెలిసిందో మాకు తెలియదు. ఎవరూ పిలవలేదు, రంగుల సంచి లేదు. గుమ్మంలో నన్ను పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ చోటు చూపించమని అడిగింది.

మామయ్యతో కలిసి మేం ముగ్గురం వెళ్ళాం. రాళ్ళు ఎత్తేసి, ఆ ఖాళీకి అడ్డంగా రేకులు పాతారు. పక్క గోడల మీద నెమలి, చేపలు అలాగే ఉన్నాయి. ఇజ్లాల్ రేకుల సందులోంచి లోపలికి చూసింది. పక్కకి వెళ్ళి కక్కుకుంది. మామయ్య ఆమె వెనక నిలబడి, చున్నీ జారకుండా పట్టుకున్నాడు. ఆమె మొహం తుడుచుకుని ఆయన వైపు తిరిగింది.

"ఆ రోజు నిన్ను అడిగాను బాబాయ్. గోడకి ఏం కాదుగా అని."

"అడిగావు."

"నీకు తెలుసా?"

"తెలుసు," అన్నాడు మామయ్య.

"మరి ఎందుకు తీశావు?"

ఆయన కాస్త ఆలోచించాడు. "నువ్వు మెట్టు మీద కూర్చుని ఉన్నావు," అన్నాడు. తర్వాత తనలో తను అనుకున్నట్టు, "కొన్నాళ్ళు ఆగుద్ది అనుకున్నా," అన్నాడు.

గాలికి రేకులు చప్పుడు చేస్తున్నాయి. ఇజ్లాల్ ఆయన చెయ్యి తీసుకుని ముద్దు పెట్టుకుంది. తినిపొమ్మంటే వినలేదు. మధ్యాహ్నం రైలుకే వెళ్ళిపోయింది. మళ్ళీ మా ఊరు వచ్చినట్టు వినలేదు.

ఆ సాయంత్రం జవాద్ వచ్చాడు. పళ్ళెం మధ్యలో పెట్టి నలుగురం కూర్చున్నాం. ఇలాంటివి ఊళ్ళో దాగవు, ఆమె వచ్చిన సంగతి అప్పటికే విన్నాడు.

"ఏమడిగింది?" అన్నాడు నాతో.

"గోడ సంగతి ముందే తెలుసా అని మామయ్యని అడిగింది."

"ఏమన్నాడు?"

మామయ్య చేతిలో రొట్టెముక్క అలాగే ఆగింది. నేను ఆయన వైపు చూడలేదు. హిబాకి చేప ముళ్ళు తీసి పెడుతూ, "తెలిస్తే తీసేవాణ్ణా అన్నారు," అన్నాను.

జవాద్ తల వంచుకుని పళ్ళెంలోకి చూశాడు.  తర్వాత చేపలో మెత్తటి పొట్టభాగం వేళ్ళతో విడదీసి, తండ్రి ముందుకి జరిపాడు.

"తిను నాన్నా, చల్లారిపోద్ది," అన్నాడు.

మామయ్య నన్ను చూశాడు. అప్పుడు నేనూ చూశాను. ఆయన ఆ ముక్క తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. అది మింగడానికి ఆయనకి చాలాసేపు పట్టింది.